తిరగేసి కట్టిన ఇల్లు

ఆమె మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉండేది, దర్జీ మెడలో ఉన్నట్టు. అందుకని స్టూడియోలో అందరూ టేపక్క అనేవాళ్లు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. ఆమె కాదనలేదు.

సినిమాల్లోకి రావాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. డ్రాఫ్టింగ్ చదువుకుంది. నీళ్ల ట్యాంకులకు ప్లాన్లు గీసే ఆఫీసులో, కిటికీ పక్కన కూర్చుని ఆరేళ్లు పైపులు గీసింది. కిటికీలోంచి చూస్తే స్టూడియో ప్రహరీ గోడ. ఒకరోజు ఆ గోడ అవతల్నించి ఒక పెద్దమనిషి వచ్చాడు. తన దగ్గర గీతలు గీసే మనిషికి జ్వరం వచ్చింది, మూడు రోజులకు ఎవరినైనా పంపండి అన్నాడు. అందరిలోకీ ఖాళీగా కనిపించింది ఆమే. మూడు రోజులకని వెళ్లింది. పద్నాలుగేళ్లు ఉండిపోయింది. జ్వరం వచ్చినతను లేచాక బట్టల దుకాణం పెట్టుకున్నాడట.

ఆ పెద్దమనిషే ఆమెకు గురువుగారు. సినిమాల్లో, టీవీలో కనిపించే ఇళ్లు, ఆసుపత్రులు, కోర్టులు, జైళ్లు కట్టించడం ఆయన పని. మొదటి రోజు ఒక డాక్టరుగారి ఇల్లు గీయమన్నాడు. ఆమె గీసింది. ఆయన కాగితం మీద వేలు పెట్టి ఒక గీత వెంటే నడిపించాడు.

"ఈ పైపు ఎక్కడికి పోతోంది?"

"వీధి కాలవలోకండి."

"వీధి ఎక్కడుంది?"

ఆమె ఆలోచించింది. గోడ వెనక వీధి లేదు. టీ డ్రమ్మూ, దాని పక్కన కునుకు తీస్తున్న ఇద్దరు లైట్ల వాళ్లూ ఉన్నారు.

"మన ఇళ్లకి వెనక వైపు ఉండదమ్మా," అన్నాడాయన. "గోడకి ఒక్క పక్కే. ఆ ఒక్క పక్కా నిజమైతే చాలు."

ఆ మాట ఆమె సగమే నమ్మింది. పైపులు గీయడం మానేసింది కాని, సొరుగులు ఖాళీగా వదల్లేకపోయింది. తెర మీద ఎవరూ తెరవని సొరుగుల్లో మందు చీటీలు పెట్టేది, అరిగిన దువ్వెన పెట్టేది, మూత లేని కలం పెట్టేది. అలమర వెనక పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు గీసేది. గురువుగారు చూసి ఊరుకునేవాడు. ఒకసారి తండ్రి వేషం వేసిన నటుడు తెరవాల్సిన సొరుగు కాకుండా పక్కది లాగాడు. లోపల ఒక అద్దం పగిలిన కళ్లజోడు ఉంది. అతను దాన్ని తీసి, పెట్టుకుని, కొడుకు వైపు చూశాడు. సెట్లో అందరూ కదలకుండా నిలబడిపోయారు. ఆ రోజు నుంచి గురువుగారు కొత్త సెట్లోకి వస్తూనే ముందు సొరుగులు లాగి చూసేవాడు.

సినిమాలు ఎప్పుడో ఒకటి. ఏడాది పొడుగునా అన్నం పెట్టేవి టీవీ సీరియళ్లు. ఒకే హాలు సోమవారం లాయరుగారి ఇల్లు, బుధవారం వాళ్ల వియ్యాలవారి ఇల్లు, శుక్రవారం విలన్ ఇల్లు. తెరలు మార్చి, సోఫాల మీద గుడ్డలు మార్చి, ఒక అద్దం అటునుంచి ఇటు జరిపితే ఇల్లు మారిపోయేది. లోకమంతా నమ్మేది, ఆమె అత్తగారు తప్ప.

అత్తగారు చదివింది రెండో తరగతి. కళ్లు మాత్రం డేగ కళ్లు. సాయంత్రం టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, కోడలు పని నుంచి రాగానే మొదలుపెట్టేది.

"అమ్మాయ్, ఆ విలన్ ముండాకొడుకు లాయరుగారి సోఫా ఎప్పుడు ఎత్తుకుపోయాడు?"

"అది వేరే సోఫా అత్తయ్యా."

"చేతి మీద నెర్రె కూడా వేరేదేనా?"

భర్త ముసిముసిగా నవ్వేవాడు. అతనిది వీధి చివర చిన్న షాపు. కాలిపోయిన మోటార్లకీ ఫ్యాన్లకీ మళ్లీ తీగ చుడతాడు. ఆమె పని గురించి ఎవరైనా అడిగితే, "మా ఆవిడ ఇళ్లు కడుతుంది. ఎక్కువ ఖరీదువి కావు, నెల రోజులు నిలబడితే చాలు," అని చెప్పేవాడు.

అలా పద్నాలుగేళ్లలో ఆమె కట్టిన ఇళ్లు మూడువందల దాకా ఉంటాయి. అన్నిటి మీదా గురువుగారి పేరే పడింది. అది న్యాయమే. పని తెచ్చేది ఆయన, మాట పడేది ఆయన. అయినా పేర్లు వచ్చే చోట ఆమె కళ్లు తెర మీద ఇంకాసేపు ఆగేవి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి తెలుసు. డేగ కళ్లు కదా.

ఒక ఏడాది వేసవికి ముందు గురువుగారికి కంట్లో పొర వచ్చింది. ఒక కన్ను ఆపరేషన్, నాలుగు వారాలాగి రెండో కన్ను. సరిగ్గా అప్పుడే ఒక మంచి సినిమా వచ్చింది. ఒక పాత ఇల్లు, అందులో ఒంటరిగా ఉండే పెద్దావిడ, ఆవిడ ఇల్లు ఖాళీ చేయడానికి పట్టిన ఆరు రోజులు. అదే కథ.

గురువుగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను పిలిచి చెప్పాడు.

"ఈ ఇల్లు నువ్వే కట్టు. నేను చూడను, చూడలేను. బాగుంటే నీ పేరు వెయ్యమంటాను. బాగోకపోతే నా పేరే వేస్తారు. తిట్లు నాకు అలవాటే."

"అదేం ఒప్పందమండీ?"

"నీకు లాభమైన ఒప్పందం. పో."

ఆమె మెట్లు దిగి వీధిలోకి వచ్చాక కాసేపు ఎటు వెళ్లాలో తెలియలేదు. ఇంటికి వెళ్లే బస్సు కాకుండా ఇంకో బస్సు ఎక్కింది. నాలుగు స్టాపులు దాటాక చూసుకుంది. దిగి, నవ్వుకుంటూ వెనక్కి నడిచింది.

సినిమాకు ఒక నిజమైన ఇల్లు దొరికింది. ఒక పాత వీధిలో, త్వరలో కూల్చబోయే ఇల్లు. బయటి దృశ్యాలన్నీ అక్కడ తీశారు. పెద్దావిడ సంచి పట్టుకుని వీధిలోంచి వస్తుంది, తాళం తీస్తుంది, తలుపు తెరుస్తుంది. తెరిచిన తలుపులోంచి లోపల కుడిపక్కన మెట్లు పైకి వెళ్తూ కనిపిస్తాయి. ఎడమపక్క కిటికీ వెలుగు నేల మీద పడుతుంది. అంతవరకే. లోపలి గదులు మరీ ఇరుకు, కెమెరా పట్టదు. అందుకని లోపలి ఇల్లు స్టూడియోలో కట్టాలి. బయటి షూటింగ్ అయిన నాలుగో రోజుకి యంత్రం వచ్చి ఆ ఇంటిని నేలమట్టం చేసింది.

ఆమె అంతకుముందే ఆ ఇల్లంతా అంగుళం అంగుళం కొలిచింది. ప్లాను ట్రేసింగ్ కాగితం మీద గీసింది. అది పల్చటి కాగితం, ఒక పక్క గీసింది రెండో పక్కకు కనిపిస్తుంది. గోడలు సిరాతో గీయడం, కొలతలు ఆ గోడల పక్కనే రాయడం పద్ధతి. ఆ ఉదయం ఆమె గోడలు గీసేసింది. సిరా ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా ఆగాలి. పద్నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఆగిందో. ఆ రోజు మాత్రం చెయ్యి ఆగలేదు. కాగితాన్ని రెండు పెన్సిళ్ల మీద బోర్లా ఆనించి, సిరా అంటకుండా వెనక పక్క కొలతలు చకచకా రాసేసింది. పని తొందరగా అయిపోయింది. సంతోషంగా ఉన్న మనిషి చేసే పని.

ఆ కాగితం వడ్రంగి మేస్త్రి చేతికిచ్చి, కూల్చిన ఇంటి తలుపులూ కిటికీలూ కొని తేవడానికి ఆమె వెళ్లింది. పాత సామాను వ్యాపారి గోదాములో వాటిని ఏరి, లారీకెక్కించి తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి స్టూడియోలో గోడలు లేచి నిలబడ్డాయి.

మేస్త్రి పనిమంతుడు. కొలతల్లో నూలుపోగంత తేడా రానివ్వడు. కాగితం తీసుకున్నవాడు అంకెలు ఏ పక్క చదవడానికి వీలుగా ఉన్నాయో ఆ పక్కే పైన పెట్టుకున్నాడు. ఎవరైనా అదే చేస్తారు. తిరిగొచ్చాక ఆమె కూడా అదే చేసింది. కాగితాన్ని బట్టి చూస్తే ఇల్లు గీత పొల్లు పోకుండా ఉంది.

ఒక్క మేస్త్రి మాత్రం పాత తలుపు బిగిస్తూ సణిగాడు.

"టేపక్కా, ఈ తలుపుకి గడియ తప్పు పక్కన కొట్టారు ఆ ఇంటివాళ్లు."

"పాత ఇళ్లు అంతే మేస్త్రీ. తిప్పి బిగించండి."

అతను తిప్పి బిగించాడు.

పైగా సెట్లోకి ఎవరూ వీధి తలుపులోంచి రారు. వెనక నుంచి, చెక్కల సందుల్లోంచి దూరి వస్తారు. వెనక నుంచి వచ్చేవాళ్లకి అన్నీ ఎటూ తారుమారుగానే కనిపిస్తాయి. అసలు ఇంటిని చూసిన నలుగురూ వచ్చి, "అచ్చం అదే ఇల్లు," అన్నారు. అదే గోడ రంగు, అవే పగుళ్లు, మెట్ల చేతిపట్టె మీద అదే అరుగుదల. అద్దంలో మొహం తిరగబడి ఉంటుందని ఎవరికి గుర్తుంటుంది?

షూటింగ్ ఎల్లుండనగా కెమెరామన్ వచ్చాడు. బయట తీసిన దృశ్యాన్ని తన చిన్న తెర మీద పెట్టుకుని, వీధి తలుపు ఎదురుగా నిలబడ్డాడు. తెర చూశాడు. తలుపులోంచి లోపలికి చూశాడు. మళ్లీ తెర చూశాడు.

"టేపక్కా," అన్నాడు మెల్లగా. "ఒకసారి ఇటు రండి."

తెర మీద మెట్లు కుడిపక్కన ఉన్నాయి. సెట్లో ఎడమపక్కన ఉన్నాయి.

ఆమె చూసింది. కిటికీ, మెట్లు, అలమర, వంటగది గుమ్మం, అన్నీ అటువి ఇటు, ఇటువి అటు. ఇల్లు మొత్తం తిరగబడి ఉంది.

దర్శకుడు వచ్చాడు. కుర్రవాడు, ఇది అతనికి రెండో సినిమా. వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. బయటి దృశ్యాలు మళ్లీ తీద్దామంటే ఆ ఇల్లు మట్టి కుప్ప. సెట్ మళ్లీ కడదామంటే పది రోజులు. పెద్దావిడ వేషం వేసే నటి ఇచ్చింది ఆరు రోజులే, ఏడో రోజు వేరే దేశం విమానం ఎక్కుతుంది.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నాదే తప్పండి. కాగితం తిరగేసి చూసినట్టున్నాను."

అందరూ అతని వైపు చూశారు. అతను తల దించుకున్నాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆమె నోరు మెదపకుండా ఊరుకుంటే ఆ మాట అక్కడితో నిలిచిపోయేది. ఆమె పేరు మీద మచ్చ పడేది కాదు.

"మేస్త్రీ, ఆ కాగితం ఇటివ్వండి," అంది.

వెలుగుకు ఎత్తి పట్టుకుని దర్శకుడికి చూపించింది. "సిరా ఈ పక్క. అంకెలు ఆ పక్క. వెనక రాసింది నేను. ఆరేదాకా ఆగలేక రాశాను. ఆయన తిరగెయ్యలేదు, నేను తిరగేసి ఇచ్చాను."

మేస్త్రి కాగితం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "అందుకా గడియ!" అన్నాడు.

ఆ మాటకు ముందు కెమెరామన్ నవ్వాడు. ఆపుకోలేక దర్శకుడూ నవ్వాడు. నవ్వి మళ్లీ తల పట్టుకున్నాడు.

ఆమె గురువుగారికి ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల్నించి దగ్గులాంటిది వినిపించింది. ఆయన నవ్వుతున్నాడు.

"నేను కట్టిన మొదటి ఇంటికి మెట్లు పెట్టడం మరిచిపోయాను," అన్నాడు. "పై అంతస్తు ఉంది. హీరో పైన నిలబడి పాట పాడాడు. ఎలా ఎక్కాడని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

"ఇది అడుగుతారండీ. తలుపు తీయగానే కనిపిస్తుంది."

"కనిపిస్తుంది. మరి ఎవరి పేరు వెయ్యమంటావు?"

"ఇంకా రెండు రోజులుంది కదా," అంది ఆమె.

"ఉంది," అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె సెట్లోకి తిరిగొచ్చింది. లోపల, వీధి తలుపు పక్క గోడకు నిలువుటద్దం తగిలించి ఉంది. పెద్దావిడ రోజూ చూసుకునే అద్దం. ఆమె దాని ముందు నిలబడింది. తన మొహం చూసుకోవడానికి కాదు, కాళ్లు అక్కడ ఆగాయంతే. అద్దంలో ఆమె వెనక హాలు కనిపించింది. హాల్లో మెట్లు కుడిపక్కన ఉన్నాయి. కిటికీ ఎడమపక్కన ఉంది. కూల్చేసిన ఇల్లు అద్దంలో ఉన్నదున్నట్టు నిలబడి ఉంది.

ఆమె కదలకుండా, ఆ బొమ్మ చెదిరిపోతుందేమో అన్నట్టు, కెమెరామన్‌ను పిలిచింది. "ఇందులో చూడండి."

అతను వచ్చి చూశాడు. ఈల వేశాడు. "తీసిన బొమ్మని తిరగెయ్యడం ఎడిటర్‌కి ఒక్క బొత్తం పని టేపక్కా. బొమ్మ తిరగెయ్యొచ్చు. బొమ్మలో ఉన్న మనుషులూ తిరగబడతారు కదా?"

"వాళ్లని ముందే తిరగేద్దాం."

దర్శకుడు మెట్ల మీంచి లేచాడు. "అంటే?"

అంటే ఏమిటో ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నకొద్దీ పని పెరిగింది. ఎడమ చేతి గడియారం కుడి చేతికి. చొక్కా బొత్తాలు అటుది ఇటు కుట్టాలి. పాపిడి రెండో పక్క తీయాలి. చీర పైట కుడి భుజం మీదికి వెయ్యాలి. పుస్తకాల అట్టలు, మందు సీసాల మీది కాగితాలు, గోడ మీది క్యాలెండరు, అన్నిటి మీదా అక్షరాలు తిరగేసి అచ్చు వేయించాలి. గోడ గడియారంలో అంకెలు తిరగేసి గీసి, ముల్లు కదలకుండా ఆపెయ్యాలి. చెంచా పట్టేది, తాళం తిప్పేది, ఫోన్ ఎత్తేది, అన్నీ ఎడమ చేత్తో.

"అమ్మగారి పుట్టుమచ్చ?" అన్నాడు కెమెరామన్.

అమ్మగారంటే ఆ నటి. నలభై ఏళ్లుగా ఎడమ చెంప మీద ఆ పుట్టుమచ్చతోనే జనం ఆవిడను గుర్తుపడతారు.

"అది కప్పేసి కుడి చెంప మీద పెట్టాలి," అంది ఆమె.

"ఆవిడతో ఎవరు చెప్తారు?" అన్నాడు దర్శకుడు. అడుగుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమే వెళ్లింది. అమ్మగారు ఇంటి వరండాలో కూర్చుని సంభాషణల కాగితాలు చదువుకుంటున్నారు. సెట్లో ఎవరి మీదైనా కోపం వస్తే కుర్చీ కూడా వెనక్కి జరుగుతుందని పేరు. టేపక్క జరిగిందంతా చెప్పింది, తప్పు తనదని చెప్పింది, చేయాల్సింది చెప్పింది. అమ్మగారు కళ్లజోడు తీశారు.

"అంటే నేను ఆరు రోజులు ఎడమ చేత్తో బతకాలి."

"అవునండి."

"మచ్చ ఈ చెంప మీంచి ఆ చెంప మీదకి పోతుంది."

"అవునండి."

"అమ్మాయ్, నలభై ఏళ్లుగా ప్రతివాడూ నన్ను ఈ పక్కనుంచే తీశాడు. ఆ రెండో పక్క ఎలా ఉంటుందో నాకే తెలీదు." ఆవిడ చేతిలో కాగితాలు ఎడమ చేతికి మార్చుకున్నారు. "పోయి ఆ కుర్రాడితో చెప్పు, వస్తానని. వాడు గేటు బయట నిలబడి వింటున్నాడుగా, ఇక్కడ్నించే చెప్పు."

గేటు బయట ఎవరో దగ్గారు.

ఆ మర్నాడంతా దర్జీలు బొత్తాలు విప్పి మళ్లీ కుట్టారు, అచ్చు వేసేవాళ్లు తలలు గోక్కుని తిరగేసి అచ్చు వేశారు. ఆ తరవాత ఆరు రోజులు ఆ స్టూడియోలో ఎవరూ మరిచిపోలేని రోజులు.

మొదటి రోజు ఉదయానికే పెద్ద గందరగోళం. దర్శకుడు కుడి అంటే అమ్మగారు కుడికి వెళ్లేవారు, కెమెరామన్ ఎడమకి తిప్పేవాడు, లైట్ల వాళ్లు రెంటి మధ్యా నిలబడిపోయేవాళ్లు. కుడి అంటే ఇప్పటి కుడా, తెర మీది కుడా? మధ్యాహ్నానికి టేపక్క ఒక కట్టుబాటు పెట్టింది. ఆ సెట్లో కుడి, ఎడమ అనే మాటలు ఎవరూ అనకూడదు. మెట్ల వైపు, కిటికీ వైపు, అంతే. నోరు జారినవాళ్లు సాయంత్రం సెట్ ఊడవాలి.

మొదటి సాయంత్రం దర్శకుడు ఊడ్చాడు. రెండో సాయంత్రమూ దర్శకుడే. మూడో రోజు మేస్త్రి ఒక చీపురు తెచ్చి దర్శకుడి కుర్చీకి కట్టాడు.

"ఏంటిది?" అన్నాడు దర్శకుడు.

"మాటిమాటికీ వెతుక్కోకుండా సార్."

అమ్మగారు ఎడమ చేత్తో పులుసు తాగే దృశ్యంలో మూడుసార్లు చెంచా గడ్డానికి తగిలింది. నాలుగోసారి ఆవిడ ఆగి, నెమ్మదిగా, ముసలి చెయ్యి వణికినట్టు చెంచాను పైకి తెచ్చారు. అది వణుకు కాదు, అలవాటు లేని చెయ్యి. చూస్తున్నవాళ్లకు మాత్రం ఒంటరిగా తినే మనిషి కనిపించింది. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు.

"ఇంతకాలం కుడి చేత్తో నటించి పాడుచేసుకున్నాను," అన్నారు అమ్మగారు. ఆ మాట అన్నందుకు ఆ సాయంత్రం ఆవిడే చీపురు పట్టుకున్నారు. వద్దంటే వినలేదు. రెండు గదులూ శుభ్రంగా ఊడ్చి, మూలన చెక్క పొట్టు వదిలేసినందుకు మేస్త్రిని పిలిచి మందలించారు.

ఒకే ఒక్క చిక్కు మిగిలింది. ఐదో రోజు అమ్మగారు ఉత్తరం రాయాలి, కెమెరా ఆ చేతినే దగ్గరగా చూపించాలి. తిరగేసిన అక్షరాలు, అదీ ఎడమ చేత్తో, తడబడకుండా. అమ్మగారు ఒక కాగితం ఖరాబు చేసి కలం కింద పెట్టారు. "ఇది నా వల్ల కాదు. మీ టేపక్క చెయ్యి కావాలి."

"నేనా?" అంది ఆమె.

"కాగితాలు తిరగెయ్యడంలో నీకున్న అనుభవం ఇక్కడెవరికుంది?"

రెండు రోజులు ఇంట్లో భోజనాల బల్ల మీద ఆమె సాధన చేసింది. ఉత్తరాన్ని ట్రేసింగ్ కాగితం మీద మామూలుగా రాసి, కాగితం తిప్పి, వెనక నుంచి కనిపించే గీతల మీద ఎడమ చేత్తో దిద్దింది. అత్తగారు పక్కన కూర్చుని బఠాణీలు వొలుస్తూ చూసింది.

"ఈ వయసులో అక్షరాలు దిద్దుకుంటున్నావా?"

"తిరగేసి రాయడం నేర్చుకుంటున్నాను అత్తయ్యా."

"నాకు తిన్నగా ఉన్నవే రావు. ఎందుకొచ్చిన తలనొప్పి? నీ పేరు వేస్తారా మరి?"

"తెలీదు. బాగుంటే వేస్తారు."

అత్తగారు బఠాణీల గిన్నె పక్కకు జరిపింది. దిద్దుతున్న కాగితం కిందకు బల్ల గుడ్డ ముడత పడకుండా లాగింది.

ఐదో రోజు ఆమె అమ్మగారి చీర కట్టుకుని, అమ్మగారి గాజులు వేసుకుని, చేతి మీద ముడతలు గీయించుకుని కూర్చుంది. ఎనిమిది పంక్తుల ఉత్తరం. చెయ్యి తడబడలేదు. రాస్తున్నంతసేపూ అమ్మగారు కెమెరా పక్కన నిలబడి, పెదాలు కదుపుతూ ఆ మాటలు చదివారు.

ఆరో రోజుతో షూటింగ్ అయిపోయింది. ఏడో రోజు అమ్మగారు విమానం ఎక్కారు. మేస్త్రి సెట్ విప్పాడు. తలుపు విప్పుతూ, గడియ ఉండాల్సిన పక్కకు మార్చి మరీ గోదాములో పెట్టాడు.

నెల దాటాక, గురువుగారికి రెండు కళ్లకూ చూపు వచ్చాక, ఎడిటర్ గదిలో ఆయనకు సినిమా చూపించారు. ఆమెను రావద్దన్నాడు. ఆమె ఇంట్లో అదే కుండీలో మొక్కకు మూడుసార్లు నీళ్లు పోసింది. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"చూశాను," అన్నాడు గురువుగారు.

"ఎలా ఉందండీ?"

"పేర్ల కాగితం నా ముందు పెట్టారు. ఎవరి పేరు వెయ్యమంటావు?"

ఎలా ఉందో ఆయన చెప్పలేదు. ఆమెకు ఒప్పందం గుర్తుంది. బాగుంటే తన పేరు, బాగోకపోతే ఆయన పేరు. ఆయన నోటి వెంట ఆ మాట వచ్చేదాకా ఆగొచ్చు. ఫోన్ పట్టుకుని ఆమె కాసేపు గోడ వైపు చూసింది. నిజమైన గోడ, రెండు పక్కలా ఉన్నది.

"నా పేరే వెయ్యండి," అంది. "బాగున్నా, బాగోకపోయినా."

"సరే," అన్నాడాయన. "తిట్లు అలవాటు చేసుకో." ఫోన్ పెట్టేసే ముందు, "పెద్దగా పడవులే," అన్నాడు.

సినిమా విడుదలైన రోజు ఉదయం ఆటకు నలుగురూ వెళ్లారు. గురువుగారు ఒక వరస ముందు, వెనక అత్తగారు, ఆమె, భర్త. హాలు సగం పైన నిండింది. పెద్దావిడ సంచి పట్టుకుని వీధిలోంచి వచ్చింది. తాళం తీసింది. తలుపు తెరుచుకుంది. మెట్లు కుడిపక్కన పైకి వెళ్తున్నాయి. ఆవిడ లోపలికి అడుగుపెట్టింది. కూల్చేసిన ఇంటి గడప దాటి తిరగేసి కట్టిన ఇంట్లోకి వచ్చింది. అతుకు ఎక్కడా కనిపించలేదు.

జనం నవ్వాల్సిన చోట నవ్వారు. ఉత్తరం రాసే చోట ఎవరో ముక్కు చీదారు. అత్తగారు చివరిదాకా ఒక్క తప్పూ పట్టలేదు. ఆమెకు అదే నమ్మశక్యంగా లేదు.

సగం సినిమా దాటాక భర్త ఆమె వైపు వంగాడు.

"ఫ్యాను అటు తిరుగుతోందేం?"

"ఏ ఫ్యాను?"

"మంచం మీది ఫ్యాను. ఏ ఫ్యానూ అటు తిరగదు. అటు తిరిగితే గాలి పైకి పోతుంది. ఆవిడకి చెమట పట్టాలి."

ఆమె తెర వైపు చూసింది. ఫ్యాను హాయిగా, తిరగకూడని వైపు తిరుగుతోంది. గడియారం ఆపింది, మచ్చ మార్చింది, క్యాలెండరు తిరగేసింది. తలెత్తి పైకి మాత్రం చూడలేదు. ముందు వరసలోంచి గురువుగారు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నేను ఎడిటర్ గదిలోనే చూశాను. మెట్లకంటే నయం."

ఆమెకు నవ్వు ఆగలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తెర మీద విషాద దృశ్యం నడుస్తోంది. అవతలి సీటావిడ కోపంగా చూసింది.

పేర్లు చివర్లో వచ్చాయి. జనం లేచి గుమ్మం వైపు నడుస్తున్నారు. అత్తగారు లేవలేదు. మెడ సాచి, నడిచేవాళ్ల తలల సందుల్లోంచి చూస్తూ, ఒక్కొక్క పేరే పెదాలతో కూడబలుక్కుంటోంది. నటులవి అయ్యాయి. కెమెరామన్‌ది అయింది. తరవాత కోడలి పేరు వచ్చింది. అత్తగారు మొదటి అక్షరం చదివింది, రెండోది చదివింది, మూడోదాని దగ్గర ఒక లావుపాటి మనిషి అడ్డం వచ్చాడు. అతను తప్పుకునేసరికి తెర మీద ఎడిటర్ పేరుంది.

"ఏదీ? పోయిందేం?" అంది అత్తగారు.

"అంతే అత్తయ్యా. పడింది, పోయింది."

"నేను సగమే చదివాను. మళ్లీ వెయ్యమను."

"వెయ్యరు అత్తయ్యా. మళ్లీ ఆటలోనే."

అత్తగారు సీట్లో వెనక్కి జారబడి, చేతిసంచి ఒళ్లో సర్దుకుంది. "అయితే ఈసారి ముందు వరసలో కూర్చుందాం. ఎవడడ్డం వస్తాడో చూస్తాను."

భర్త ముగ్గురి వైపూ చూశాడు. గురువుగారు అప్పటికే లేచి ముందు వరసకు నడుస్తున్నాడు. భర్త జేబు తడుముకుంటూ టికెట్ల కిటికీకి వెళ్లాడు.